ఇల్లలికిన ఈగ, బెల్లం నీళ్ళ సీసా



ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు తానే మరచిపోయిన ఈగ కథ వినకుండా పెరిగిన తెలుగు బిడ్డ ఉండడేమో. ఆ ఈగ కనబడిన ప్రతివారినీ తన పేరేమిటని అడుగుతుంది. ఎవరూ చెప్పలేరు. చివరకు గుర్రం కడుపులోని పిల్ల సకిలించినప్పుడు ఆ సకిలింపులో దానికి తన పేరు వినబడుతుంది. ముప్పది నాలుగేండ్లు తరగతి గదిలో ఈ కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయేది. మన తల్లులు తెల్లవారుజామున లేచి ఇల్లు అలికినది, కళ్ళాపి చల్లినది ఈగ లోపలికి రాకూడదనే కదా! అటువంటి ఈగ చేతికే అలుకుగుడ్డ ఇచ్చిన కథకురాలు ఎంతటి చమత్కారి!

మన భాషలో ఈగకు ఉన్న చనువు తక్కువది కాదు. బేరం లేని అంగడివాడు ఈగలు తోలుకుంటాడు. ముద్దుగా పెంచిన బిడ్డ మీద తల్లి ఈగ వాలనీయదు. ప్రతిలో చచ్చి అంటుకొన్న ఈగను చూచి, తన ప్రతిలోనూ ఒక ఈగను చంపి అంటించిన లేఖకుణ్ణి తలచుకొని, పండితులు గుడ్డి అనుకరణకు ‘మక్షికస్థానే మక్షికః’ అని పేరు పెట్టారు. తేనెటీగ, కందిరీగ, జోరీగ అని కుట్టేవాటికీ కూడబెట్టేవాటికీ వేర్వేరు పేర్లు ఉన్నవి. ఏమీ కుట్టని, ఏమీ కూడబెట్టని ఈ ఇంటి ఈగకు మాత్రం ఉత్త ‘ఈగ’ అనే పేరే మిగిలింది. ఎక్కువమందిని బాధించినది ఇదే అయినా, ఎక్కువ అలక్ష్యానికి గురైనదీ ఇదే.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, 2027లో గోదావరికి పుష్కరాలు రానున్నవి. మా కొవ్వూరు గోష్పాద క్షేత్రం. గౌతముడు దర్భతో అదలించిన మాయాగోవు పడిపోయిన చోటు ఇదేనని, ఆ పాపపరిహారానికే గోదావరి పుట్టిందని స్థలపురాణం. మామూలు రోజులలో నిదానంగా సాగే ఈ చిన్న పట్టణానికి పుష్కరాల పన్నెండు రోజులలో లక్షల మంది వచ్చిపోతారు. రేవులు కట్టడం గురించి, దీపాలు పెట్టడం గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఈగ గురించి మాట్లాడేవారు లేరు. ఆ లోటు తీర్చడానికి ఒక పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు పూనుకోవడం మీకు నవ్వు తెప్పించవచ్చు. నాకు వేరే కారణం ఉన్నది.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, 1944 పుష్కరాల ఏడు నాలుగేండ్ల ఆడపిల్లను పోగొట్టుకొన్నది. అప్పటికి రైలు వంతెన ఒక్కటే, 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన. అటునుంచి బంధువులు, ఇటు మెట్టనుంచి బంధువులు వచ్చి మా ఇంట దిగారట. పెరటిలో పొయ్యిలు తవ్వారు. విస్తళ్ళు పెరటిగోడ అవతల కుప్పపడ్డవి. దొడ్డివైపు సంగతి చెప్పనక్కరలేదు. పుష్కరాలు ముగిసిన మూడవనాడు పిల్లకు వాంతిభేది పట్టుకొన్నది. మరునాటి సాయంకాలానికి లేదు. అది రేవులోని నీళ్ళవల్ల వచ్చినదో, అన్నం వల్ల వచ్చినదో ఎవరు చెప్పగలరు? కలరాకు ప్రధాన వాహనం నీరేనని ఈనాడు మనకు తెలుసు. కాని మామ్మ కన్నులలో నిలిచిపోయినది ఒకటే దృశ్యం: చాప మీద పడుకొన్న పిల్ల పెదవుల చుట్టూ ఈగలు, తాను విసనకర్రతో తోలుతూ ఉండడం.

ఆ తరువాత ఆమె బ్రతికిన నలువది ఏండ్లూ మా ఇంటిలో ఈగ మీద యుద్ధం జరిగింది. ఆమెకు సూక్ష్మజీవి అనే మాట తెలియదు. తెలిసినవి కొన్ని కట్టుబాట్లు. వండినది ఉట్టి మీదికో జాలీ బీరువాలోకో వెళ్ళాలి. గిన్నె మీద మూత, మూత మీద తడిగుడ్డ. విస్తళ్ళు వెంటనే గోతిలో వేసి మట్టి కప్పాలి. పశువుల కొట్టంలోని పేడ ఏ రోజుది ఆ రోజు పిడకలుగా గోడకెక్కాలి గాని కుప్పగా నిలువరాదు. సాయంకాలం వేపాకు పొగ. వేసవిలో మామిడి తాండ్ర పోసినప్పుడు చాపలు ఎండిన మిద్దె మీద ఉండేవి. మిద్దె నుండి దూరంగా, పెరటి చివర కొబ్బరిచెట్టు మొదట్లో ఒక మట్టిమూకుడులో పాతబెల్లం నీళ్ళు, మామిడి టెంకలు పులియబెట్టి ఉంచేది. ఈగలు అక్కడ మూగి, మునిగి చచ్చేవి. “వాటి విందు వాటికి వేరే పెట్టాలిరా” అనేది. నేను చూచిన మొదటి ఈగల ఉచ్చు అదే.

మామ్మ కట్టుబాట్లకు శాస్త్రం సాక్ష్యం చెప్పడం ఆమె పుట్టుకకు ముందే మొదలయింది. 1883–84లో రాబర్ట్ కాఖ్ ఈజిప్టులోను, తరువాత కలకత్తాలోను కలరా క్రిమిని గుర్తించాడు. 1886లో ఇటలీకి చెందిన టిజ్జోని, కత్తాని అనే ఇద్దరు కలరా వార్డులలో పట్టిన ఈగల నుండి ఆ క్రిమిని తీసి చూపారు. 1898లో స్పెయినుతో యుద్ధానికి అమెరికా సైనిక శిబిరాలు ఏర్పడినప్పుడు 20 వేల మందికి పైగా టైఫాయిడు బారినపడ్డారు, పదిహేను వందల మందికి పైగా మరణించారు. విచారణకు వెళ్ళిన వాల్టర్ రీడ్ ప్రభృతులు ఒక చిన్న విషయం గమనించారు. మరుగుదొడ్ల గోతులలో సున్నం చల్లి ఉన్నది. భోజనశాలలో అన్నం మీద తిరుగుతున్న ఈగల కాళ్ళు తెల్లగా ఉన్నవి! గోతినుండి పళ్ళెం వరకు ఈగ నడిచిన దారికి అంతకంటె తేటయైన సాక్ష్యం ఏముంటుంది? 1911లో అమెరికా కీటకశాస్త్రజ్ఞుడు హోవర్డ్ ఇంటి ఈగను ‘టైఫాయిడు ఈగ’ అని పిలవాలన్నాడు. పేరు మరచిన ఈగకు అంత మంచి పేరు ఎవరూ పెట్టలేదు.

ఈగకు నమిలే నోరు లేదు. గట్టి పదార్థం కనబడితే తన కడుపులోని ద్రవాన్ని దానిమీద కక్కి, కరిగించి, పీల్చుకొంటుంది. కాళ్ళతోనే రుచి చూస్తుంది గనుక నడవకుండా తినలేదు. అంటే మన పళ్ళెం మీద అది వాలినప్పుడల్లా అంతకుముందు వాలిన చోటి సరుకు కాళ్ళతోను నోటితోను కొంత దిగుతుంది. ఒక్కొక్క ఆడ ఈగ విడతలు విడతలుగా, జీవితంలో సుమారు 500 గ్రుడ్లు పెడుతుంది. మన వేసవి వేడిమిలో గ్రుడ్డు ఈగ కావడానికి వారం పదిరోజులు చాలు. ఆ వారం పదిరోజులూ పురుగుకు కావలసినది ఒకటే: చెమ్మగా, వెచ్చగా కుళ్ళుతున్న కుప్ప. పలుచగా అలికిన పేడ గంటలో ఆరిపోతుంది గనుక అందులో పురుగు బ్రతకదు. నిలువ ఉన్న పేడకుప్ప మాత్రం దానికి పుట్టిల్లు. మామ్మ పిడకలు కొట్టించినది వంటచెరకు కోసమే అనుకొనేవాణ్ణి.

ఈ దేశంలో ఈగ మీద శాస్త్రీయంగా దృష్టి పెట్టినవారిలో హెరాల్డ్ మాక్స్‌వెల్ లెఫ్రాయ్ దొరను చెప్పుకోవాలి. 1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ నెలకొన్నది. 1934 భూకంపంలో దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలినది అదే. అక్కడ ఆయన ఇంపీరియల్ ఎంటమాలజిస్టు. 1909లో ఫ్రాంక్ మిల్‌బర్న్ హావ్లెట్ తోడ్పాటుతో భారతీయ కీటకాలపై పెద్ద గ్రంథం వెలువరించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మెసొపొటేమియాలో సైన్యాన్ని పీడిస్తున్న ఈగలను అణచడానికి ఆయననే పంపారు. 1925 అక్టోబరులో లండనులో తన ప్రయోగశాలలో కీటకాలను చంపే విషవాయువును పరీక్షిస్తూ స్పృహ తప్పి పడిపోయి, కొన్ని రోజులకు మరణించాడు. ఈగను చంపబోయి తాను పోయిన ఆ పండితుని తలచుకొన్నప్పుడు మామ్మ మట్టిమూకుడు మీద నాకు గౌరవం మరింత పెరుగుతుంది.

ఇంట చేసుకొనే ఉచ్చుల చరిత్ర కూడ ఆసక్తికరమైనదే. వాటిలో మూడు తెగలు ఉన్నవి. మొదటిది కొట్టేది. 1905 ప్రాంతంలో అమెరికాలోని కాన్సస్‌లో డాక్టరు శామ్యూల్ క్రంబైన్ ఈగలను కొట్టమని ఊరూరా ప్రచారం చేస్తూ ఉండగా, ఫ్రాంక్ రోజ్ అనే బడిపంతులు కొలబద్ద చివర తీగజాలి ముక్క బిగించి ఒక సాధనం చేసి చూపాడని చెబుతారు. రంధ్రాలు లేని అట్టతో కొడితే గాలి ముందుగా తగిలి ఈగ తప్పుకొంటుంది. జాలి అయితే గాలి దూరిపోతుంది. మనవాడే, బడిపంతులు!

రెండవది అంటుకొనేది. ఆముదంలో రోజిన్ అనే చెట్టుబంక పొడిని వేసి సన్నని సెగ మీద కరిగిస్తే ఎంతకూ ఆరని జిగురు తయారవుతుంది. తూకంలో ఆముదం అయిదు పాళ్ళు, రోజిన్ ఎనిమిది పాళ్ళు. దానిని కాగితానికో వ్రేలాడే తీగకో పూస్తారు. ఈగలు రాత్రివేళ తీగల మీద, దండేల మీద వ్రేలాడుతూ నిద్రించడానికి ఇష్టపడతాయి గనుక తీగ మేలు. సైనిక ఆరోగ్య గ్రంథాలలో కూడ ఈ యోగం కనబడుతుంది.

మూడవది పిలిచి బంధించేది. దీని కీలకం గరాటు. ఎర క్రింద ఉంటుంది, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు పైన జాలి పెట్టె. ఎర తిన్న ఈగ వచ్చిన దారిన పోదు. వెలుగు కనబడినవైపు పైకి ఎగురుతుంది. గరాటు సన్నని కంతలోనుండి పెట్టెలోకి చేరుతుంది. తిరిగి ఆ కంతను వెదుక్కొనే తెలివి దానికి లేదు. మన ఇళ్ళలో అందరూ చేసుకోగల రూపం సీసా ఉచ్చు. లీటరు ప్లాస్టిక్ సీసా మెడభాగం కోసి, మూత తీసి, తలక్రిందులుగా దానిలోనే దించి, అంచులు బిగిస్తే సరి. లోపల ఒక గ్లాసెడు నీళ్ళు, గుప్పెడు పాతబెల్లం, చిటికెడు ఈస్టు. రెండురోజులు పులియనివ్వాలి. కాస్త వెనిగరు కలిపితే తేనెటీగలు దూరంగా ఉంటాయి. ఒక చుక్క సబ్బునీరు పడితే వాలిన ఈగ తేలకుండా మునుగుతుంది. మాంసాహారుల ఇళ్ళలో చేప తల, రొయ్య పొట్టు వేస్తే ఇంటి ఈగకు బెల్లంకంటె ఎక్కువ ఆకర్షణ. అరటిగెల చుట్టూ ముసిరే చిన్నీగలకు మాత్రం గ్లాసులో మగ్గిన అరటిపండు ముక్క, వెనిగరు వేసి, పైన కాగితపు గరాటు పెడితే చాలును.

మన మద్రాసు రాజధానిలో 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. దేశంలో అటువంటి సమగ్ర చట్టాలలో అదే మొదటిది. జాతరలు, ఉత్సవాలు జరిగే చోట నీరు, పారిశుద్ధ్యం గురించి అందులో ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉన్నవి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత కూడ ఆ చట్టం మనకు సంక్రమించింది. చట్టం వచ్చిన అయిదేండ్లకు 1944 పుష్కరాలు వచ్చినవి. చట్టం రేవుదాకా వచ్చి ఉండవచ్చు. మా పెరటిగోడ దాకా రాలేదు. పెరటిగోడ లోపలి పని ఎప్పుడూ ఇంటివారిదే.

ఇంతలో మంత్రదండం వంటిది ఒకటి దొరికింది. 1939లో స్విట్జర్లాండుకు చెందిన పాల్ ముల్లర్ డి.డి.టి.కి ఉన్న కీటకనాశక శక్తిని కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అమెరికాలోని టెక్సాసులో 1946–47 ప్రాంతంలో కొన్ని పట్టణాలకు డి.డి.టి. చల్లి, కొన్నింటికి చల్లక పోల్చి చూస్తే, చల్లినచోట ఈగలతోపాటు రక్తవిరేచనాలు తగ్గినవి. ఈగకూ జబ్బుకూ ఉన్న సంబంధం అంత స్పష్టంగా తేలడం అదే మొదలు. కాని సరిగా ఆ రోజులలోనే స్వీడన్, ఇటలీలలో డి.డి.టి.కి చావని ఈగలు బయలుదేరినవి. టెక్సాసులోను కొద్దికాలంలోనే అదే జరిగింది. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయినవి. నా చిన్నతనంలో పిచికారీ గొట్టాలతో మనుషులు వచ్చి గోడలన్నిటికీ తెల్లగా కొట్టిపోయేవారు. ఆ వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతున్నట్లే ఉంటుంది. మలేరియా తగ్గింది, కాదనను. ఈగలు మాత్రం ఆ తెల్లని గోడల మీదనే హాయిగా కూర్చునేవి. మామ్మ వాటిని చూచి, “మందు వాటికి అలవాటైపోయింది” అనేది. శాస్త్రజ్ఞులు నిరోధకశక్తి అన్నది దానినే. 1989లో మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు.

పంచతంత్రంలో ఒక రాజు, అతని కోతి సేవకుడు ఉన్నారు. నిద్రిస్తున్న రాజు మీద వాలిన ఈగను (కొన్ని పాఠాలలో తుమ్మెద) తోలలేక, కోతి కత్తి దూసి వ్రేటు వేస్తుంది. ఈగ ఎగిరిపోతుంది. రాజు పోతాడు. ఈ కథ మూర్ఖమిత్రుని గూర్చి చెప్పినదని పిల్లలకు బోధించాను. అన్నం పెట్టుకొనే గదిలో ఘాటైన విషాన్ని పిచికారీ చేసి తలుపులు వేసుకొనేవారిని చూచినప్పుడు ఆ కోతి కత్తి నాకు గుర్తుకు వస్తుంది. లెఫ్రాయ్ దొర మరణం కూడ అంతకుముందే చెప్పిన పాఠం అదే.

ఇక తోట సంగతి. మా ప్రాంతంలో మామిడి, జామ, సపోట, పందిళ్ళ మీద కాకర, బీర, పొట్ల. కాయ పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, కోస్తే లోపల తెల్లని పురుగులు. ఇవి పండు ఈగ పిల్లలు. ఇంటి ఈగకు, దీనికి దూరపు చుట్టరికమే. ఆడ ఈగ కాయ తొక్కను సూదివంటి తోకతో గుచ్చి లోపల గ్రుడ్లు పెడుతుంది గనుక పైన చల్లిన మందు లోపలి పురుగుకు తగలదు. దీనికి విరుగుడు చూపినవాడు పైన చెప్పిన హావ్లెట్. పూసాలో ఒకరు దోమలు రాకుండా చేతిరుమాలుకు సిట్రొనెల్లా నూనె రాచుకొంటే, దోమల సంగతి ఏమోగాని, పండు ఈగలు వచ్చి ఆ రుమాలు చుట్టూ మూగినవి. మరొకరైతే విసుక్కొని ఊరుకొనేవారు. హావ్లెట్ కూర్చొని పరిశీలించాడు. వచ్చినవన్నీ మగ ఈగలే! 1912లో ఈ సంగతి ప్రకటించి, 1915 నాటికి ఆ ఆకర్షణకు మూలం మిథైల్ యూజినాల్ అనే పదార్థమని తేల్చాడు. 1920లో ఆయన మరణించాడు. 1960లలో పసిఫిక్ మహాసముద్రంలోని రోటా ద్వీపంలో మిథైల్ యూజినాల్‌తో, విషంతో తడిపిన అట్టముక్కలు వెదజల్లి మగ ఈగలన్నిటినీ హరించి, ప్రాచ్య పండు ఈగను ద్వీపం నుండి పూర్తిగా తుడిచివేశారు. బీహారులో ఒక చేతిరుమాలు దగ్గర మొదలైన కథ అక్కడ ఫలించింది.

చిత్రమేమంటే ఆ మిథైల్ యూజినాల్ మన తులసిలో కొంత ఉన్నది. గుప్పెడు తులసి ఆకులు నలిపి, కొబ్బరిచిప్పలో కాసిని నీళ్ళతో ఉంచి మామిడికొమ్మకు వ్రేలాడదీస్తే మగ పండు ఈగలు వచ్చి వాలడం మీరు స్వయంగా చూడవచ్చు. అన్ని తులసులలోను దాని పాలు ఒకే విధంగా ఉండదు గనుక ఒక చెట్టుకు వచ్చినన్ని ఈగలు మరొక చెట్టుకు రావు. అంగడిలో దొరికే ఎరబిళ్ళ ఇంతకంటె బలమైనది, నెలల తరబడి పనిచేస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. తులసి ఎర మామిడి, జామ కాయలను పట్టే ఈగలకే. కాకర, బీర, దోసలను పాడుచేసే ఈగ జాతి వేరు. అది మిథైల్ యూజినాల్‌కు లొంగదు, దానికి క్యూల్యూర్ అనే మరొక ఎర ఉన్నది. కాకరపందిరికి తులసి చిప్ప కట్టి, ఫలితం లేదని తిట్టుకొనేవారు ఈ తేడా గమనించాలి. ఏ జాతి అయినా పురుగు కాయలోనుండి దిగి మట్టిలోనే కోశస్థ దశ గడుపుతుంది. కనుక రాలిన కాయలను ఏ పూటకాపూట ఏరి, సంచిలో మూతికట్టి ఎండలో పడవేయడం, చెట్టు మొదట్లో మట్టి తిరగబెట్టడం ఉచ్చుకంటె ముందు చేయవలసిన పనులు. అరటి పరిశోధనకు పేరుపొందిన ఉద్యాన పరిశోధన కేంద్రం మా ఊరిలోనే ఉన్నది. కొవ్వూరు బొంత అనే కూర అరటి రకానికి ఈ ఊరి పేరే పెట్టారు. అయినా మా వీధి పెరళ్ళలో రాలిన జామకాయ రాలినచోటనే కుళ్ళుతుంది.

1991 పుష్కరాలకు నేను ఉపాధ్యాయుణ్ణి. సామాన్యశాస్త్రం చెప్పే సహోద్యోగి ఒకరు, నేను కలసి ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఉచ్చులు చేయించాము. అప్పటికి మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాలు ఇంతగా లేవు. పాత హార్లిక్సు సీసాలు, కాగితపు గరాటులు, బెల్లం నీళ్ళు. ముప్పది దాకా తయారయినవి. యాత్రికులు వంట చేసుకొనే చోట, సరిగ్గా పొయ్యిల ప్రక్కన పెట్టించాము. సాయంకాలానికి ప్రతి సీసా నల్లగా నిండిపోయింది. పిల్లలు లెక్కలు వ్రాసి చూపుతుంటే గర్వపడ్డాను. రెండవనాడు ఒక పెద్దావిడ నన్ను పిలిచి, “నాయనా, మీ సీసాలు వచ్చాక మా పొయ్యి దగ్గర ఈగలు ఇంకా పెరిగాయి, తీసికెళ్ళండి” అన్నది. ఆమె చెప్పినది నిజం. పులిసిన బెల్లం వాసన దూరంలోని ఈగలను కూడ పొయ్యి దగ్గరకు పిలిచింది. మామ్మ మూకుడును పెరటి చివర ఎందుకు పెట్టేదో నాకు ముప్పది ఏండ్ల వయసులో అర్థమయింది. సీసాలను ఎత్తించి, చెత్తకుప్పకు, వంటచోటుకు నడుమ, వంటచోటుకు ఇరవై అడుగులకు తక్కువ కాని దూరంలో వరుసగా పెట్టించాము. ఆవిడ మళ్ళీ పిలవలేదు. ఉపాధ్యాయునికి అంతకంటె మంచి మార్కులు ఉండవు.

ఉచ్చులు నిజంగా జబ్బును తగ్గిస్తాయా అన్న ప్రశ్నకు సమాధానం నాకు చాలా ఏండ్లకు దొరికింది. 1988లో ఇజ్రాయెల్‌లో రెండు సైనిక శిబిరాలలో ప్రధానంగా ఎర ఉచ్చులతో ఈగలను అణచి, అణచని దశతో పోల్చి చూశారు. 1991లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఈగలు 64 శాతం తగ్గినవి, విరేచనాలతో వైద్యుని వద్దకు వచ్చినవారు 42 శాతం, రక్తవిరేచనాల వారు 85 శాతం తగ్గారు. 1999లో పాకిస్తాను పల్లెలలో ఈగల నియంత్రణ వల్ల పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గినట్లు మరొక పరిశీలన చెప్పింది. శిబిరమంటే ఏమిటి? కొద్దిరోజులకు చాలామంది ఒకచోట చేరి, వండుకొని, తిని, విసర్జించే చోటు. మన పుష్కరం కూడ ఆ లెక్కన ఒక శిబిరమే.

ఇంకొక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. 1970లలో, ఇప్పుడు జింబాబ్వే అని పిలిచే దేశంలో, పీటర్ మోర్గాన్ అనే ఆయన గోతి మరుగుదొడ్డికి ఒక గాలిగొట్టం పెట్టి, దాని పైచివర జాలి బిగించాడు. లోపల చీకటి. గోతిలో పుట్టిన ఈగ వెలుగును వెదుక్కొంటూ గొట్టంలో పైకి పోయి, జాలి దగ్గర చిక్కి చస్తుంది. గొట్టం లేని దొడ్డిలో 78 రోజులలో 13,953 ఈగలు పట్టుబడితే, గొట్టం ఉన్న దొడ్డిలో 146 మాత్రమే. మన సీసాలోని గరాటు సూత్రమే ఇది. తేడా ఏమంటే, సీసా మన ఇంటికి వచ్చిన ఈగను పట్టుకొంటుంది, ఈ గొట్టం ఈగను పుట్టినచోటనే పట్టుకొంటుంది.

ఈ చరిత్ర అంతటిలోను నాకు కనబడిన సారం అదే. ఒక ఆడ ఈగ పెట్టే 500 గ్రుడ్లలో సగటున రెండు మాత్రమే పెరిగి పెద్దవై తిరిగి సంతానాన్ని పొందగలవు. లేకుంటే ఈ భూమి ఏనాడో ఈగలతో కప్పబడి ఉండేది. కుప్ప అలాగే ఉండగా ఉచ్చు వెయ్యి ఈగలను పట్టినా, వాటి చోటు నింపడానికి మరొక వెయ్యి సిద్ధంగా ఉంటుంది. కుప్పను వారానికి రెండుమార్లు ఎత్తివేసే ఇంటిలో అదే ఉచ్చు అద్భుతంగా పనిచేస్తుంది. వారం పదిరోజులకు గాని గ్రుడ్డు ఈగ కాదు గనుక, ఆ గడువు లోపల కుప్ప కదిలితే చాలు. కోళ్ళఫారాల చుట్టుప్రక్కల ఉండే మన జిల్లాల గ్రామస్థులు పడే బాధ కూడ ఇదే లెక్కకు లొంగుతుంది. అక్కడ ఎరువు పొడిగా ఉంటే ఈగ తగ్గుతుంది, తడిసి నిలిస్తే ముసురుతుంది. పుష్కరం పన్నెండు రోజులు. ఈగ తరానికి వారం పది. మొదటిరోజు పడిన విస్తరి పన్నెండవనాటికి ఈగలై లేస్తుంది. అందుచేత మొదటి మూడు రోజుల శుభ్రతే చివరి మూడు రోజుల ఆరోగ్యం. రేవుకు వెళ్ళే మిత్రులారా, బంధువులు దిగే ఇళ్ళవారలారా, ఈ లెక్క ఒక్కటి గుర్తుంచుకొనండి. ముందుగా కుప్ప, తరువాత మూత, ఆ తరువాతనే సీసా.

పేరు మరచిన ఈగ కథతో మొదలుపెట్టాను. మా మేనత్త కావలసిన ఆ పిల్లను ఇంటిలో అందరూ ‘పాప’ అనే పిలిచేవారట. మామ్మ ఆమె అసలు పేరు మా ముందు ఎన్నడూ పలుకలేదు. మేమూ అడగలేదు. నాన్నగారిని అడుగుదామనుకొనేసరికి ఆయన లేరు. ఇప్పుడు చెప్పగలవారు ఎవరూ మిగలలేదు. ఈగకు దాని పేరు తిరిగి దొరికింది. మా ఇంటి పాపకు దొరకలేదు. వచ్చే పుష్కరాలలో మీ ఇంటికి చంటిపిల్లలతో చుట్టాలు వస్తే, అన్నం గిన్నె మీద మూత ఉన్నదో లేదో ఒకసారి చూడండి.

స్వస్తి.